ఒక్క సైకిలు... రెండు దారులు!

నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన సైకిల్ దారి. తలమీద సౌర ఫలకాల కప్పు, కింద అద్దంలాంటి నేల. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ 23 కిలోమీటర్ల ట్రాక్ మీదికి (ఇందులో కొంత నానక్‌రామ్‌గూడ వైపు ఉంది) ఆదివారం తెల్లవారకముందే చేరేవాళ్లలో ఆయనా ఒకరు. బ్యాంకు ఉద్యోగి. వయసు నలభై రెండు. చక్కెర హద్దు దాకా వచ్చింది, ఇక ఒళ్లు వంచక తప్పదని డాక్టరు చెప్పడంతో సైకిలెక్కారు. అందరూ మెచ్చుకుంటున్నారని లక్ష రూపాయలు పోసి రేసింగ్ సైకిలే కొన్నారు. వంచిన కొమ్ముల్లాంటి హ్యాండిల్, 25 మిల్లీమీటర్ల సన్నటి టైర్లు. ట్రాక్ మీద దూసుకుపోతుంటే గాల్లో తేలినట్టే ఉండేది.

సంక్రాంతికి సొంతూరు వెళ్తూ కారు వెనక కట్టుకుని దాన్నీ తీసుకెళ్లారు. కృష్ణా జిల్లాలో కాలువ కింద పల్లెటూరు. కనుమ రోజు పొద్దున్నే గట్టు మీద ఓ ఇరవై కిలోమీటర్లు తొక్కి వద్దామని బయల్దేరారు. రెండు కిలోమీటర్లు వెళ్లారో లేదో వెనక టైరు తుస్సుమంది. ట్యూబు మార్చి కదిలితే ఈసారి ముందుది. చేసేది లేక సైకిలు భుజానేసుకుని నడక మొదలెట్టారు. ఎదురుగా పాత నల్ల సైకిలు మీద గడ్డిమోపుతో పెదనాన్న!

‘‘ఏరా అబ్బాయ్... లక్ష పోసి కొన్నది అది నిన్ను మోయడానికా, నువ్వు దాన్ని మోయడానికా?’’

హైదరాబాద్ తిరిగొచ్చాక ఆయన ఇంకో సైకిలు కొంటానన్నారు. తారు రోడ్డుకి ఇది, మట్టి రోడ్డుకి అది అని లెక్క చెప్పారు. ఇల్లాలు మాత్రం ఒకటే మాటంది. ‘‘బాల్కనీలో ఒక్క సైకిలుకే చోటుందండీ. రెండోది తెస్తే మీ పక్క కూడా అక్కడే వేసుకోవాలి. రెండు దారులకీ పనికొచ్చేది ఒకటి చూసుకోండి.’’

ఆమె చెప్పింది సబబే. ఇది ఆయన ఒక్కరి సమస్యా కాదు. నగరాల్లో సైకిలెక్కిన చాలామందికి వారంలో ఆరు రోజులు తారు రోడ్డు, ఏడో రోజు ఎర్రమట్టి బాట. జేబులో ఉన్నది ఒక్క సైకిలుకి సరిపడా డబ్బు. ఎంపిక తప్పితే డబ్బు పోవడం ఒక్కటే కాదు, సైకిలు బాల్కనీకి, మనిషి సోఫాకి చేరతారు. డాక్టరు చెప్పిన మాట మళ్లీ మొదటికొస్తుంది.

పేరు కొత్త... దారి పాత

తారు రోడ్డు మీద చురుగ్గా పరిగెత్తుతూ, కంకర మీదా మట్టి మీదా తడబడకుండా వెళ్లే సైకిలుని ఇప్పుడు గ్రావెల్ బైక్ అంటున్నారు. అంతకంటే కాస్త రోడ్డు వైపు మొగ్గితే ఆల్‌రోడ్ బైక్. పేర్లు కొత్తవే కానీ సంగతి పాతదే. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టం తొడిగింది గతుకుల బాధ తప్పించడానికే. 1903లో జరిగిన మొట్టమొదటి టూర్ డి ఫ్రాన్స్‌లో పోటీదారులు ఆరు అంచెల్లో 2,428 కిలోమీటర్లు తొక్కింది చాలావరకూ మట్టి, కంకర దారుల మీదే. తారు రోడ్లు పరుచుకున్నకొద్దీ పోటీ సైకిళ్ల టైర్లు చిక్కిపోతూ వచ్చాయి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో 23 మిల్లీమీటర్లే మామూలైపోయింది.

తర్వాత గాలి ఎదురు తిరిగింది. 2006లో అమెరికాలోని కేన్సస్ రాష్ట్రంలో, చెకుముకి రాళ్లు పరిచిన పల్లె దారుల మీద 200 మైళ్ల పోటీ మొదలైంది. దాన్నే ఇప్పుడు అన్‌బౌండ్ గ్రావెల్ అంటున్నారు. 2007లో ఇటలీలోని టస్కనీలో తెల్లమట్టి బాటల మీద స్ట్రాడె బియాంకె ఆరంభమైంది. 2019లో షిమానో సంస్థ ఈ రకం సైకిళ్ల కోసమే జీఆర్ఎక్స్ పేరుతో గేర్ల సెట్టు తెచ్చింది. 2022లో ఇటలీలోనే తొలి గ్రావెల్ ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా జరిగింది.

ఇంతకీ విచిత్రమేమిటంటే... పాలవాళ్లూ పోస్ట్‌మ్యాన్లూ బడిపంతుళ్లూ దశాబ్దాలపాటు తొక్కిన మన నల్ల సైకిలు టైరు మీద 28 × 1½ అని రాసి ఉంటుంది. అంటే వెడల్పు దాదాపు 40 మిల్లీమీటర్లు. ఇవాళ గ్రావెల్ బైక్‌కి వేసేదీ ఇంచుమించు అంతే! పెదనాన్న గడ్డిమోపు తెచ్చింది అలాంటి టైరు మీదే. కాకపోతే ఆయన సైకిలు బరువు ఇరవై కిలోల పైమాట, గేర్లు లేవు. కొత్తది పది, పదకొండు కిలోలుంటుంది.

సన్నగా ఉంటేనే వేగమా?

చాలామంది అనుమానం ఇదే. టైరు లావైతే సైకిలు మొద్దుబారుతుందని భయం. నున్నటి ఇనుప డ్రమ్ము మీద టైరు తిప్పి చూస్తే సన్నటి టైరు, గట్టి గాలే మేలనిపిస్తుంది. కానీ మనం తొక్కేది డ్రమ్ము మీద కాదు. నిజం రోడ్డు మీద చిన్న రాయి తగిలినా గట్టి టైరు దాన్ని మింగుకోలేదు. సైకిలూ మనిషీ కలిసి పైకి ఎగురుతారు. ముందుకు పోవాల్సిన శక్తిలో కొంత ఇలా ఎగిరిపడటానికి ఖర్చవుతుంది. ఒంట్లోని కండలు ఆ కుదుపుని వేడిగా మార్చి పోగొడతాయి. వెడల్పు టైరులో గాలి తక్కువ ఒత్తిడితో ఉంటుంది కాబట్టి రాయి దగ్గర టైరే అణుగుతుంది, మనిషి కదలడు. అందుకే ఇప్పుడు పెద్ద పెద్ద రోడ్డు పోటీల్లోనూ 28, 30 మిల్లీమీటర్ల టైర్లు వాడుతున్నారు.

డెబ్బై, డెబ్బై అయిదు కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరులో సుమారు 75 పీఎస్ఐ గాలి సరిపోతుంది. 32కి 60, 40కి 40 లోపు చాలు. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు మాత్రమే. టైరు పక్కన ముద్రించిన హద్దు దాటకుండా, మనిషి బరువుని బట్టి అటూ ఇటూ మార్చుకోవాలి. వెనక చక్రం మీద బరువెక్కువ పడుతుంది కాబట్టి అక్కడ రెండు మూడు పీఎస్ఐ ఎక్కువుండాలి. గాలి కొట్టే పంపుకి మీటరు లేకపోతే మాత్రం ఈ లెక్కలన్నీ గాలికే!

అలాగని లావు టైరుకి నష్టమే లేదనుకోవద్దు. బరువు కాస్త పెరుగుతుంది. ముళ్లలాంటి గుబ్బలున్న టైరైతే తారు మీద గుయ్యిమంటూ లాగుతుంది. మందగింపు చాలావరకూ వచ్చేది వెడల్పు వల్ల కాదు, ఆ గుబ్బల వల్లా మందపాటి రబ్బరు వల్లా. మధ్యలో నున్నగా, పక్కల చిన్న గుబ్బలతో ఉండే టైరు రెండు దారులకీ రాజీ కుదురుస్తుంది.

ముందు చూడాల్సింది సందు

దుకాణంలోకి అడుగుపెట్టగానే రంగు, గేర్ల సంఖ్య, బరువు చూస్తారు. రెండు దారుల సైకిలు కావాల్సినవాళ్లు ముందు చూడాల్సింది ఇవేవీ కాదు... ఖాళీ! వెనక చక్రానికి రెండు పక్కలా ఫ్రేము గొట్టాలుంటాయి. ముందు చక్రాన్ని ఫోర్కు పట్టుకుని ఉంటుంది. టైరుకీ ఈ గొట్టాలకీ మధ్య ఎంత సందుందన్నదే ఆ సైకిలు ఎక్కడెక్కడికి వెళ్లగలదో చెబుతుంది. హ్యాండిల్ మార్చొచ్చు, సీటు మార్చొచ్చు, గేర్లూ మార్చొచ్చు. ఫ్రేములో లేని సందుని ఎంత డబ్బు పోసినా తేలేరు.

40 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేములో 32ది హాయిగా తిరుగుతుంది. 28 పట్టే ఫ్రేములో మాత్రం 40 దూరదు. కాబట్టి టైరు వేయించుకునేది రోజూ తిరిగే దారికి, సందు చూసుకునేది ఎప్పుడో ఒకసారి వెళ్లే దారికి. ఇదొక్కటి గుర్తుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. ఓ పెన్సిలు తీసుకెళ్లి టైరుకీ ఫ్రేముకీ మధ్య పెట్టి చూస్తే సరి. రెండు పక్కలా సులువుగా దూరితే మట్టి అంటుకున్నా చక్రం తిరుగుతుంది. నల్లరేగడి నేలల్లో వానాకాలం తొక్కేవాళ్లు ఇంకాస్త ఎక్కువే చూసుకోవాలి. ఆ బంక చక్రాన్ని పట్టిందంటే సైకిలు మళ్లీ భుజానికెక్కుతుంది.

టైరు మీద 40-622 లాంటి అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 700సీ అన్నా, 29 అంగుళాలన్నా ఆ రెండో అంకె 622నే. మన పాత నల్ల సైకిలుది 635. చూడటానికి ఒకేలా ఉన్నా ఆ టైరు దీనికి పట్టదు. టైరు కొనేటప్పుడు పేర్లు పక్కనపెట్టి ఈ రెండో అంకె కలిసిందో లేదో చూసుకుంటే మోసపోరు.

పళ్ల లెక్క

‘ఎన్ని గేర్లు?’ అన్నది తప్పు ప్రశ్న. ‘అన్నిటికన్నా తేలిక గేరు ఎంత తేలిక?’ అని అడగాలి. లెక్క సులువే. ముందు పళ్లచక్రంలోని పళ్లని వెనకదాని పళ్లతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణించాలి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిలు ఎంత దూరం వెళ్తుందో వస్తుంది. రేసింగ్ సైకిలుకి ముందు 36, వెనక 28 పళ్లుంటే తేలిక గేరులో ఒక్క చుట్టుకి సుమారు 2.74 మీటర్లు. ముందు ఒకే ఒక్క 40 పళ్ల చక్రం, వెనక అతి పెద్దది 42 ఉన్న గ్రావెల్ సైకిలుకి 2.1 మీటర్లు. ఘాట్‌రోడ్డు ఎక్కేటప్పుడూ, కంకర మీద చక్రం జారకుండా మెల్లగా లాగేటప్పుడూ ఆ అరవై సెంటీమీటర్ల తేడాయే మోకాళ్లని కాపాడుతుంది.

మరి పైన వేగం తగ్గిపోదా? అదే 40 పళ్లకి వెనక 11 పడితే ఒక్క చుట్టుకి 8 మీటర్లు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 43 కిలోమీటర్లు. ఆరోగ్యం కోసం తొక్కేవాళ్లకి అంతకు మించి ఎందుకు? కాకపోతే ముందు ఒకటే చక్రం ఉన్నవాటిలో గేరుకీ గేరుకీ మధ్య ఎడం ఎక్కువ. చదును రోడ్డు మీద గంటలకొద్దీ ఒకే లయలో తొక్కేవాళ్లకి అది చిరాకు. అలాంటివాళ్లకి ముందు రెండు చక్రాలున్నది మేలు. 46-30, 48-31 లాంటి జతలు దొరుకుతున్నాయి. మట్టి బాటలు ఎక్కువైతే ఒకటే చాలు, చెడిపోయే వస్తువు ఒకటి తగ్గుతుంది.

ఆగడం... కూర్చోవడం

బ్రేకుల విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. డిస్కులే. రిమ్ముని పట్టుకునే పాత తరహా బ్రేకులకి మట్టి, ఇసుక తగిలితే రబ్బరుతోపాటు రిమ్మూ అరిగిపోతుంది. పైగా అవి వెడల్పు టైరుకి అడ్డం. డిస్కుల్లోనూ రెండు రకాలు. నూనెతో పనిచేసేవి వేలు తాకిస్తే పట్టేస్తాయి. కానీ తేడా వస్తే సరైన నూనె, సరంజామా ఉన్న మెకానిక్ కావాలి. తీగతో పనిచేసేవాటికి అంత పట్టుండదు. తీగ తెగితే మాత్రం చిన్న ఊళ్లోనూ పని జరుగుతుంది. పట్నంలో ఉండేవాళ్లు మొదటిది, జిల్లాలు తిరిగేవాళ్లు రెండోది ఎంచుకుంటే బాగుంటుంది.

కూర్చునే తీరు మీదే నడుము భవిష్యత్తు ఆధారపడుతుంది. రేసింగ్ సైకిలు మీద మనిషి ముందుకు వంగిపోతాడు. గ్రావెల్ సైకిలుకి ముందు భాగం కాస్త ఎత్తు, రెండు చక్రాల మధ్య దూరమూ ఎక్కువ. అందుకే కంకర మీద తిన్నగా వెళ్తుంది, వెన్ను మీద భారం పడదు. వంగిన హ్యాండిల్ మీద చేతులు పెట్టుకోవడానికి మూడు చోట్లుంటాయి కాబట్టి దూరప్రయాణంలో అరచేతులు మొద్దుబారవు. అది భయమనిపిస్తే తిన్నటి హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిలు చూడొచ్చు. 35, 38 మిల్లీమీటర్ల టైర్లతో వచ్చే ఆ రకం, ధరలో తక్కువ, పనిలో మరీ తీసిపోదు. ఏదైనా సరే, ఎక్కి కనీసం అరగంట తొక్కకుండా డబ్బు కట్టొద్దు.

పల్లేరు కాయల సంగతి

మన దారుల మీద అసలు శత్రువు రాయి కాదు, ముల్లు. పొలం గట్ల మీద పల్లేరు కాయలు, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ. పల్లేరు బాధ మనకొక్కరికే కాదు. అమెరికా సైకిలిస్టులు దాన్నే మేకతల ముల్లు అని తిట్టుకుంటారు. దీనికి మందు ట్యూబ్‌లెస్ టైరు. లోపల పోసే పాలలాంటి ద్రవం ముల్లు గుచ్చిన చిల్లుని తనంతట తానే పూడ్చేస్తుంది. మన ఎండలకి ఆ ద్రవం త్వరగా ఆరిపోతుంది కనుక రెండు మూడు నెలలకోసారి చూసుకుని నింపాలి. ఆ ఓపిక లేనివాళ్లకి మామూలు ట్యూబే నయం.

ఏది వాడినా ఒక ట్యూబు, చేతి పంపు, టైరు ఊడదీసే పుల్లలు వెంట ఉండాల్సిందే. ఈ సైకిళ్ల రిమ్ములకి చాలావరకూ సన్నటి ప్రెస్టా వాల్వు పట్టే చిల్లే ఉంటుంది. పల్లెల్లో సైకిలు షాపువాళ్ల దగ్గర దొరికే ట్యూబు వాల్వు లావు, అందులో దూరదు. ఆ సంగతి తెలిసేది సరిగ్గా మిట్టమధ్యాహ్నం, నడిదారిలో!

రెండు దారులకీ చెరో జత టైర్లు పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకోవచ్చు. వారం వారం టైరు ఊడదీసి తొడగడం మాత్రం మాటలు కాదు. నాలుగు వారాలయ్యేసరికి విసుగొస్తుంది. స్తోమతుంటే చక్రాలే రెండు జతలు ఉంచుకోవాలి. లేదంటే 35, 38 మిల్లీమీటర్ల నున్నటి టైరు ఒకటే ఏడాదంతా వాడుకోవాలి. ఎక్కువమందికి ఈ రెండో దారే సుఖం.

ఎవరికి వద్దు?

అన్నిటికీ పనికొచ్చేది దేంట్లోనూ మొదటి స్థానంలో ఉండదు. గంటకి 35 కిలోమీటర్లతో పోయే రేసు బృందంతో ఆదివారం పోటీ పడాలనుకునేవాళ్లకి ఇది నిరాశే. అనంతగిరి అడవిలో రాళ్లూ వేళ్లూ దాటుకుంటూ దూకేవాళ్లకి స్ప్రింగు ఫోర్కు ఉన్న ఎంటీబీయే కావాలి. ఎప్పుడూ తారు దిగనివాళ్లకి 30, 32 మిల్లీమీటర్లు పట్టే రోడ్డు సైకిలు చాలు. ఈ మూడింటికీ మధ్యలో ఉండేవాళ్లకే ఈ సైకిలు. చూడబోతే ఎక్కువమంది ఉండేదీ అక్కడే.

డబ్బు చాలనివాళ్లు కొత్తదే కొనాలనేం లేదు. ఇంట్లో పాత ఎంటీబీ మూలన పడుంటే దాని గుబ్బల టైర్లు తీసి నున్నటివి వేయిస్తే అదే సగం పని చేస్తుంది. కొత్తది కొనేవాళ్లకి ఓ చిన్న ఊరట... 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మిగిలిన సొమ్ము హెల్మెట్‌కీ, ముందూ వెనకా లైట్లకీ పెడితే సార్థకం. మడ్‌గార్డులు, క్యారియర్ బిగించడానికి ఫ్రేముకి చిల్లులున్నాయో లేవో కూడా అప్పుడే చూసుకోవాలి. కొనేరోజు ఎవరూ అడగరు కానీ తొలి వాన పడ్డ రోజు అందరికీ గుర్తొస్తాయి.

మన బ్యాంకు ఉద్యోగి ముందు తన రేసింగ్ సైకిలుకే లావు టైర్లు వేయించాలని చూశారు. ఆ ఫ్రేము 28 దాటి పట్టదన్నాడు మెకానిక్. చివరికి దాన్ని కొన్నదానికి సగం ధరకి అమ్మేశారు. మనసు చివుక్కుమన్నా, బాల్కనీలో చోటు ఖాళీ అయింది. మూడు ఆదివారాలు నాలుగు దుకాణాలు తిరిగి, పెన్సిలు పెట్టి చూసి, 42 మిల్లీమీటర్ల దాకా పట్టే ఫ్రేము ఎంచుకున్నారు. ప్రస్తుతానికి 35 మిల్లీమీటర్ల నున్నటి టైర్లు వేయించారు. ట్రాక్ మీద పాత మిత్రబృందం కంటే కాస్త వెనకబడుతున్న మాట నిజమే. కానీ కొల్లూరు దగ్గర ట్రాక్ అయిపోయాక వాళ్లు వెనక్కి తిరుగుతుంటే, ఈయన పల్లె దారి పట్టి ఇంకో గంట తొక్కి వస్తున్నారు. డాక్టరు అడిగింది ఆ గంటే.

వేసవి సెలవులకి మళ్లీ ఊరెళ్లారు. గట్టు మీద పూర్తిగా ఇరవై కిలోమీటర్లు తిరిగి, చెమటలు కక్కుతూ పెదనాన్న ఇంటి ముందు ఆగారు. పెద్దాయన అరుగు దిగొచ్చి వంగి, టైరుని బొటనవేలితో నొక్కి చూశారు.

‘‘ఇదేంట్రా... మా టైరులాగే ఉందే! దీనికింత ఖరీదా?’’ అని నవ్వి, వెనక్కి వెళ్లి చూసి పెదవి విరిచారు. ‘‘మరి క్యారియరేదీ?’’

‘‘చిల్లులున్నాయి పెదనాన్నా... పెట్టించొచ్చు.’’

‘‘పెట్టించు మరి. రేపు గడ్డికి నువ్వొద్దువుగాని.’’